రెండు మాటల ఇల్లు

పిల్లలూ ఇల్లూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచే వచ్చాయి. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాలలో కాపురముంటున్న తెలుగు తల్లిదండ్రులు, తాతలు ఎవరికి తోచినట్టు వారు రాసినా, అందరి బెంగా ఒకటే. గడప లోపల తెలుగు, గడప దాటితే ఒడియా వినబడే ఇంట్లో చిన్నపిల్లల మాటను ఎలా చూసుకోవాలన్నదే ఆ బెంగ. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే కేటాయించాను. చోటు చాలక ఉత్తరాలను కుదించవలసి వచ్చింది.

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ళ నాలుగు నెలలు. ‘అమ్మ’, ‘తాత’, ‘బువ్వ’, ‘పాణి’, ‘నాహిఁ’ వంటివన్నీ కలిపినా పదిహేను మాటలకు మించవు. రెండు మాటలు కలిపి చెప్పడు. మేము ఇంట్లో తెలుగే మాట్లాడతాము. కింది వాటాలోని ఇంటివారు ఒడియావారు కావడంతో బాబు పొద్దస్తమానం వారి పిల్లలతో ఆడతాడు. రెండు భాషలు వినడం వల్లనే వాడికి మాట రావడం లేదని, ఏదో ఒకటి మానిపించమని బంధువులు చెబుతున్నారు. మా అత్తగారు వసకొమ్ము అరగదీసి నాకిస్తానంటున్నారు. మా ఆడపడుచు నాలుక కింది తీగ కోయించమంటోంది. మావారికి కూడా మూడేళ్ళ దాకా మాట రాలేదట, కాబట్టి కంగారు వద్దని మామగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు సలహాలు ఉన్నాయి. నాలుగూ బాబు మీద ప్రేమతో ఇచ్చినవే. అయితే ఆ నలుగురిలో ఒక్కరూ వాడి చెవుల సంగతి ఎత్తలేదు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఏడాది నిండేసరికి ఒకటి రెండు మాటలు, రెండేళ్ళు నిండేసరికి సుమారు యాభై మాటలు, వాటితోపాటు ‘అమ్మ దా’, ‘ఇంకా బువ్వ’ వంటి జంట మాటలు వస్తాయని పిల్లల వైద్యులు ఒక అంచనా పెట్టుకుంటారు. రెండు భాషల ఇంట్లో ఈ లెక్కను రెండు భాషలూ కలిపి చూడాలి. ‘పాలు’ తెలుగులో ఒకసారి, ‘దుధ’ ఒడియాలో ఒకసారి అంటే రెండు మాటలు వచ్చినట్టే లెక్క. మీరు ఆ విధంగానే లెక్కపెట్టి పదిహేను అంటున్నారు కనుక, ఇది ఊరుకుని చూడదగిన ఆలస్యం కాదు. జలుబు తగ్గాక కూడా కొందరు పిల్లలకు కర్ణభేరి వెనుక నీరు నిలిచిపోతుంది. అలాంటి పిల్లవాడు కంచం కింద పడితే ఉలిక్కిపడతాడు, వీధిలో బండి హారన్‌కు పరుగెత్తుతాడు, అందుచేత వినబడుతోందనే అందరమూ అనుకుంటాము. వాడికి అందనివి మాటలోని సన్నని శబ్దాలు. వెనుక నుంచి చప్పట్లు కొట్టి చూడడం పరీక్ష కాదు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. దాని వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి, ఎదుగుదలలో ఆలస్యమున్న పిల్లలను గుర్తించి పై ఆసుపత్రికి పంపవలసి ఉంటుంది. మీ అంగన్‌వాడీ దీదీని అడిగి ఆ బృందం ఎప్పుడు వస్తుందో తెలుసుకోండి, కానీ దాని కోసం నెలలు ఆగవద్దు. జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగారిని కలిసి వినికిడి పరీక్షకు చీటీ రాయించుకోండి. అక్కడ కుదరకపోతే బరంపురంలో మీ ఊరి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరున 1962లో వెలసిన వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళవచ్చు. వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్ళండి: బాబు తనకు కావలసినది వేలితో చూపిస్తాడా, పిలిస్తే కళ్ళలోకి చూస్తాడా, చేత్తో సైగ చేయకుండా ‘చెప్పులు తే’ అంటే తెస్తాడా, ఒకప్పుడు వచ్చిన మాట ఏదైనా పోయిందా. డాక్టరుగారు తప్పక అడిగే ప్రశ్నలివి. అప్పటికప్పుడు అడిగితే తడుముకుంటాము.

ఇక రెండు భాషల మాట. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదు. ఇది చాలా దేశాలలో చాలాసార్లు పరిశీలించి తేల్చిన సంగతి. మీ ఊరివారికి ఈ సంగతి వేరే చెప్పాలా? పర్లాకిమిడి బడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనుల దగ్గర కూర్చుని వారి మాట నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన ఊరు మీది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు సరిహద్దు గీత మారిందే గాని వీధిలోని మాటలు మారలేదు. ఒక భాష మానిపించాలంటే ఏది మానిపిస్తారు? ఒడియా మానిపించాలంటే కింది వాటా తలుపు మూయాలి. తెలుగు మానేస్తే మీరే మాట కోసం వెతుక్కుంటారు, వెతుక్కునే తల్లి తక్కువ మాట్లాడుతుంది. బాబుకు ఇప్పుడు కావలసినది ఎక్కువ మాట.

వసకొమ్ము విషయంలో మీ అత్తగారిని నొప్పించకుండానే గట్టిగా వద్దనండి. గలగలా మాట్లాడే పిల్లను చూసి ‘వస పోశారా’ అనడం మన నోట ఎంతగా నాటుకుపోయిందంటే, వస పోస్తే మాట వస్తుందన్నది నిజమేనని అనిపిస్తుంది. ఆ వేరులో అసరోన్ అనే పదార్థం ఉంటుంది, అది మంచిది కాదని అమెరికాలో 1968లోనే వసను ఆహార పదార్థాలలో కలపకుండా నిషేధించారు. వస నాకించాక వాంతులు పట్టుకున్న పసిపిల్లలను మన డాక్టర్లూ చూస్తూనే ఉన్నారు. నాలుక కింది తీగ కూడా మాటను ఆపదు. అది మరీ బిగుతుగా ఉంటే కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు, అంతకు మించి ఏమీ లేదు. మామగారి మాటలో మాత్రం కొంత నిజముంది, ఆలస్యంగా మాట రావడం కొన్ని కుటుంబాలలో నడుస్తుంది. అయితే అది డాక్టరుగారికి చెప్పవలసిన సమాచారం, ఆగడానికి కారణం కాదు.

పరీక్షలు జరుగుతుండగా ఇంట్లో మీరు చేయగలిగినది ఒకటుంది. బాబును ఎదురుగా కూర్చోబెట్టి ‘ఇదేమిటి, చెప్పు’ అని ప్రశ్నలు వేయడం మానండి. దాని బదులు, చేస్తున్న పని చేస్తూనే ఆ పనిని మాటల్లో పెట్టండి. ఉల్లిపాయ వలుస్తున్నారనుకుందాం. ‘ఉల్లి. పొట్టు తీశాను. ఇదిగో పొట్టు. అబ్బ, కన్ను మండింది.’ అంతవరకు చెప్పి, వలిచిన ఉల్లిపాయ చేతిలో పట్టుకుని ఆగండి. మనసులో పది వరకు లెక్కపెట్టండి. ఆ పది అంకెలూ మనకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, మధ్యలోనే మాట అందించేయాలనిపిస్తుంది. ఆపుకోండి. వాడు ‘ఉయ్యి’ అన్నాడనుకోండి, ‘ఉయ్యి కాదు, ఉల్లి’ అనవద్దు. ‘అవును, ఉల్లి. ఎర్ర ఉల్లి’ అని వాడి మాటకు మరొక మాట చేర్చి తిరిగివ్వండి. వాడు ఏమీ అనకుండా చూపుతో అడిగినా అదీ జవాబే, ఉల్లిపాయ చేతికివ్వండి. మాటకు ఏదో ఒక పని జరగడం వాడికి కనబడాలి. ఇంటివారి పిల్లలు ఇదే పని ఒడియాలో చేస్తే మరీ మంచిది.

ప్రశ్న: మా అమ్మాయి మూడేళ్ళది, కొత్తగా బడిలో వేశాము. పాపకు తమ మాట అర్థం కావడం లేదని, ఇంట్లో కూడా ఒడియాలోనే మాట్లాడమని అక్కడి టీచరు చెప్పారు. మాకు వచ్చిన ఒడియా బజారు వరకే. ప్రయత్నించమంటారా?
ఒక తండ్రి, జయపురం

జవాబు: వద్దు. బజారు ఒడియాతో బేరం చేయవచ్చు గాని, కలవరించి లేచిన పిల్లను ఓదార్చలేము. టీచరుగారి ఇబ్బంది నిజమైనదే, కాబట్టి దానికి వేరే ఉపాయం చూడండి. పాపకు బడిలో అత్యవసరమైన మాటలు పది ఉంటాయి: నీళ్ళు కావాలి, ఆకలేస్తోంది, బాత్రూముకు వెళ్ళాలి, నొప్పిగా ఉంది, వాడు కొట్టాడు, ఇంటికి వెళతాను వంటివి. ఆ పదింటినీ ఒడియా తెలిసిన పొరుగింటి ఆవిడ చేత పలికించి, రాత్రి బొమ్మతో బడి ఆట ఆడుతూ పాపతో అనిపించండి. ‘పాణి’, ‘భోక’, ‘ఘరకు జిబి’ నోటికి వస్తే బడిలో సగం ఏడుపు ఆగుతుంది. మిగిలిన ఒడియా ఆట స్థలంలో అదే వస్తుంది, సాధారణంగా పెద్దలు ఊహించిన దానికంటే ముందే వస్తుంది. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు బడిలో నోరు విప్పకుండా వింటూ ఉంటారని టీచరుగారికి మర్యాదగా గుర్తుచేయండి. కథలు, కబుర్లు, కోపతాపాలు మాత్రం ఇంట్లో తెలుగులోనే సాగనివ్వండి. ఇంటి మాటలో ఒక సంగతిని మొదటి నుంచి చివరి వరకు చెప్పడం వచ్చిన పిల్లకు ఆ నేర్పు బడి మాటలోనూ పనికివస్తుంది.

ప్రశ్న: మాది నేతపని చేసే దేవాంగుల కుటుంబం, ఇంట్లో గుంట మగ్గం ఉంది. మా పాపకు ఐదేళ్ళు. నిరుడు బడికి వెళ్ళినప్పటి నుంచి మేము తెలుగులో అడిగిన దానికి ఒడియాలో జవాబు చెబుతోంది. తెలుగు మాట్లాడినా ‘నాన్న వచ్చింది’, ‘తాత పడుకుంది’ అంటుంది. వేసవిలో సోంపేట దగ్గర అమ్మమ్మగారింటికి పంపితే ‘ఆమె బడికి వెళ్ళాం’ అందట. ‘ఎవరే ఆ ఆమె?’ అని ఇంటిల్లిపాదీ నవ్వారు. అప్పటి నుంచి తెలుగు బొత్తిగా మానేసింది. తెలుగులో అడిగితేనే అడిగినది ఇస్తానని మా ఆవిడ పట్టుబడుతోంది. ఇది సరైన పద్ధతేనా?
ఒక తండ్రి, బరంపురం

జవాబు: ముందు మీ పాప చేసిన తప్పులను దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అవి తెలివితక్కువ తప్పులు కావు. ఒడియాలో క్రియకు ఆడ మగ తేడా లేదు. అమ్మ వచ్చినా అన్న వచ్చినా ఒకే రూపం, పెద్దవారైతే మర్యాద రూపం. తెలుగులోనేమో అమ్మ వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది, వాన వచ్చింది, ఒక్క మగవారికి మాత్రమే ‘వచ్చాడు’. దానికి తోడు మీ ఆవిడ మీ గురించి ‘నాన్న వచ్చారు’ అని ఉంటారు. ఇన్ని విన్న పిల్ల ఎక్కువసార్లు వినబడిన రూపాన్నే పట్టుకుని అందరికీ వాడింది. ‘ఆమె’ సంగతి ఇంకా తమాషా అయినది. ఒడియాలో ‘ఆమె’ అంటే మేము, మనము. ‘మేము బడికి వెళ్ళాం’ అని చెప్పబోయి ఒడియా సర్వనామానికి తెలుగు క్రియ తగిలించింది. క్రియ చివర ‘వెళ్ళాం’ అని సరిగానే పెట్టింది చూశారా? దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఇలాంటివే మరికొన్ని మీకు ఎదురవుతాయి. దేవుడి గూటి ముందు మనం ‘జేజె పెట్టు’ అంటాము, ఒడియా ఇళ్ళలో ‘జెజె’ అంటే నాన్నకు నాన్న. మీ పాప ఏదో ఒకనాడు దండం పెట్టమంటే తాత దగ్గరికి పరుగెత్తినా ఆశ్చర్యపడకండి.

అంటే పాపకు తెలుగు రాకపోవడం కాదు జరిగినది. తెలుగు మాట్లాడితే నవ్వుతారని తెలిసింది. ఐదేళ్ళ పిల్ల నవ్వులలో తేడా పట్టదు, ముచ్చటపడి నవ్వినా వెక్కిరించి నవ్వినా దానికి ఒకటే. కాబట్టి మొదటి పని అమ్మమ్మగారింటికి ఫోను చేసి, ఈసారి పిల్ల ఏమన్నా నవ్వవద్దని, ఆ ‘ఆమె’ కథను వచ్చిపోయేవారికి చెప్పవద్దని పెద్దవారికి వినయంగానే గాని స్పష్టంగా చెప్పడం. తాతగారు ఒకవేళ నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

రెండవ పని మీ ఆవిడతో. తెలుగులో అడిగితేనే ఇస్తాననడం తిండి, నీళ్ళు, ఓదార్పుల విషయంలో ఎప్పుడూ చేయకూడదు. ఒడియాలో అడిగితే అర్థం కానట్టు నటించడం కూడా పనికిరాదు. మీకు ఒడియా వచ్చునని పిల్లకు బాగా తెలుసు. పాప ఒడియాలో అడగనీయండి, మీరు తెలుగులో జవాబిస్తూ అడిగినది ఇవ్వండి. ‘నాన్న వచ్చింది’ అంటే ‘అవునే, నాన్న వచ్చాడు, ఏం తెచ్చాడో చూడు’ అని సరైన మాటను మధ్యలో పెట్టి కబురు సాగించండి. ‘వచ్చాడు అను, ఏదీ మళ్ళీ అను’ అని పట్టుకుంటే కబురు అక్కడే తెగిపోతుంది, కబురు తెగిందా పిల్ల పెరట్లోకి పోతుంది.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: మీ ఇంట్లో తెలుగుకు పని ఉండాలి. బడికి ఒడియా కావాలి, ఆటకు ఒడియా కావాలి, టీవీకి ఏదో ఒకటి చాలు. తెలుగు లేకపోతే జరగని పని పాపకు ఒక్కటి కూడా కనబడకపోతే దాన్ని ఎందుకు మోస్తుంది? మీకు మగ్గం ఉంది. పడుగు, పేక, నాడె, కండె, రాట్నం, ఇవన్నీ మీ ఇంట్లో తెలుగులోనే బతుకుతున్న మాటలు. రోజూ ఓ పావుగంట పాపను మగ్గం గట్టు మీద కూర్చోబెట్టుకోండి. నూలు అయిపోయిన కండెలు ఒక బుట్టలోకి ఏరడం, రంగు చూసి నిండు కండె అందించడం దాని పని. ‘ఎర్ర కండె అయిపోయింది, నీలం ఇవ్వు. ఊఁ, ఇదిగో పోగు తెగింది, తాతను పిలు’ అంటూ మీరు నేస్తూ ఉంటే జవాబు ఒక్కొక్క మాటగా తెలుగులోనే వస్తుంది, ఎందుకంటే ఆ వస్తువులకు బడిలో విన్న పేరు దాని దగ్గర లేదు. ఇది ఆటగా ఉన్నంతసేపే. పాప లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి, చిన్నపిల్ల చేత కండెలు చుట్టించి పని గడుపుకొమ్మని నేను చెప్పడం లేదు.

ఇక బంధువులలో ఒడియా బొత్తిగా రాని ఈడు పిల్లలు ఎవరైనా ఉంటే వారిని సెలవులకు మీ ఇంటికి రప్పించండి. బరంపురం నుంచి ఇచ్ఛాపురం పట్టుమని గంట ప్రయాణం లేదు. పెద్దలు పది నెలలు చెప్పినా రాని తెలుగు, దాగుడుమూతలలో దొంగ ఎవరో తేల్చుకునే తగాదాలో పది రోజుల్లో వస్తుంది. పాప వెళ్ళేకంటే ఆ పిల్లలు మీ ఇంటికి రావడమే మేలు. తన ఇంట్లో తన పెత్తనం ఉంటుంది, నవ్వేవారు తక్కువ ఉంటారు.

ప్రశ్న: మేమిద్దరమూ ఉద్యోగస్థులము. ఇరవై నెలల బాబును మా అమ్మ చూసుకుంటుంది. ఫోనులో పాటలు పెట్టనిదే ముద్ద మింగడు. అవి తెలుగు పాటలే కదా, ఈ ఊళ్ళో అలాగైనా తెలుగు చెవిన పడుతుందని నేను సరిపెట్టుకుంటున్నాను. అయినా మనసులో పీకుతోంది. తిండి కూడా ఏడాది వయసులో తిన్నంత తినడం లేదు.
ఒక తల్లి, రాయగడ

జవాబు: మీ మనసు పీకడం సరైనదే. ఫోను పాట తెలుగు నేర్పదు. 2003లో అమెరికాలో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినవారు కలిసి తొమ్మిది నెలల పిల్లల మీద ఒక పరిశీలన చేశారు. చైనావారి మాండరిన్ భాషను కొందరు పిల్లలకు మనుషులే ఎదురుగా కూర్చుని పన్నెండుసార్లు ఆడిస్తూ వినిపించారు, మరికొందరికి అదే మనుషులను తెర మీద చూపించారు. మనుషుల దగ్గర విన్న పిల్లలు ఆ భాష శబ్దాలలోని తేడా పట్టారు, తెర చూసినవారు ఏమీ పట్టలేదు. తెర మన పిల్లవాడి ముఖం చూసి ఆగదు, వాడు ‘ఊఁ’ అంటే తిరిగి ‘ఊఁ’ అనదు. రెండేళ్ళలోపు పిల్లలకు తెర చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో చెప్పింది. వీడియో కాల్‌లో పిన్నో బాబాయో మాట్లాడడం మాత్రం వేరు, అక్కడ పలికేది మనిషే.

తిండి తగ్గడానికి భయపడకండి. మొదటి ఏడాదిలో పిల్లలు పుట్టినప్పటి బరువుకు మూడింతలవుతారు, రెండవ ఏడాది మొత్తం మీద రెండు రెండున్నర కిలోలు పెరుగుతారు. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలీ నెమ్మదిస్తుంది. ఇది తెలియక మనం ముద్ద వెనుక పరుగెడతాము. రోజుకు పాలు ఎన్ని తాగుతున్నాడో ఒకసారి కొలిచి చూడండి. అర లీటరు దాటితే అన్నానికి కడుపులో చోటుండదు, ఒంట్లో ఇనుమూ తగ్గుతుంది. అంగన్‌వాడీలో తూకం వేయించి, కార్డు మీది గీత వెంట బరువు పెరుగుతోందో లేదో చూసుకోండి. గీత సాగుతుంటే అమ్మగారిని నిశ్చింతగా ఉండమనండి.

ఫోను మానిపించడానికి మీకు సెలవున్న రోజులు మూడు నాలుగు కావాలి, ఆ భారమంతా మీ అమ్మగారి మీద పెట్టవద్దు. మొదటి రెండు రోజులు వాడు ఏడుస్తాడు, తక్కువ తింటాడు, ఇల్లంతా చిరాకుగా ఉంటుంది. మీ భోజనాల వేళకే వాడినీ కింద కూర్చోబెట్టి, వాడి కంచంలో వాడు కెలుక్కోవడానికి పప్పన్నం, పట్టుకు తినడానికి ఇడ్లీ ముక్కో ఉడికిన చిలగడదుంప ముక్కో పెట్టండి. పొద్దున చోడి (రాగి) అంబలి గ్లాసు వాడి చేతికే ఇవ్వండి. ఒలికితే ఒలుకుతుంది. అమ్మగారికి వచ్చిన విద్య ఒకటుంది, దాన్ని ఫోను మింగేసింది: ఇది తాత ముద్ద, ఇది కాకి ముద్ద అని పేర్లు పెట్టి గోరుముద్దలు తినిపించడం. బువ్వ, అప్పచ్చి, లాల, బజ్జో వంటి పసిమాటలను తక్కువగా చూడవద్దని కూడా ఆమెకు చెప్పండి. ఒకే అక్షరం రెండుసార్లు వచ్చే ఆ మాటలు పసినాలుకకు సులువుగా తిరుగుతాయి. ఇరవై నిమిషాలలో తిన్నది చాలు, కంచం తీసేయండి. కాకి ముద్ద మిగిలితే నిజంగానే కాకికి పెట్టించండి, రేపు దాని కోసమైనా వచ్చి కూర్చుంటాడు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. మనవడికి మూడున్నరేళ్ళు. బడిలో ఒడియా అక్షరాలు మొదలుపెట్టారు. ఈలోగా తెలుగు వెనుకబడకూడదని అక్షరాభ్యాసం చేయించి, రోజూ అ ఆ లు పదేసిసార్లు దిద్దిస్తున్నాను. పలక చూస్తే పారిపోతున్నాడు. మొన్న నేను సున్న రాసి చూపిస్తే ‘ఠ’ అన్నాడు. రెండు లిపులు కలగాపులగం అవుతున్నాయా?
ఒక తాత, గుణుపురం

జవాబు: మాస్టారూ, వాడు అన్నదీ సరైనదే. ఒడియా ‘ఠ’ అచ్చం మన సున్నలాగే ఉంటుంది. ‘బడిలో ఇది ఠ, మనింట్లో ఇది సున్న’ అంటే సరిపోతుంది. ఒక గుర్తుకు రెండు చోట్ల రెండు పేర్లుండవచ్చునని వాడికి అప్పుడే తెలిసింది, అది లాభమే.

దిద్దించడం మాత్రం ఇప్పుడు ఆపండి. మూడేళ్ళ చేయి చూసి సున్న చుట్టగలదు, నాలుగేళ్ళకు అడ్డగీత నిలువుగీత కలిపి కూడిక గుర్తు వేయగలదు, చతురస్రం, త్రిభుజం ఆ తరువాత సంగతి. మన ‘అ’ లో ఎన్ని మలుపులున్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. అక్షరాభ్యాసం గాని ఒడియావారి ఖడిఛుఆఁ గాని సుద్దముక్కను చేతికి పరిచయం చేసే పండుగలు, ఆ మర్నాటి నుంచి పదేసిసార్లు దిద్దించమని వాటిలో ఎక్కడా లేదు. అక్షరాలను ఇప్పుడు చూపించండి చాలు: పంచాంగం మీద, పప్పు పొట్లానికి చుట్టిన కాగితం మీద, దుకాణం బోర్డు మీద వాడి పేరులోని మొదటి అక్షరం ఎక్కడుందో వెతికించండి. కథ చదివేటప్పుడు మీ వేలు వరుస వెంట నడవనివ్వండి.

చేతికి పని కావాలంటే మార్గశిర గురువారాలలో మీ వీధిలో బియ్యప్పిండి నీళ్ళతో ఝోటి వేస్తారు కదా, మన ఇంటి ముందు ముగ్గు ఉండనే ఉంది. ఒక గిన్నెలో కాస్త పిండి కలిపి, వేలు ముంచి గచ్చు మీద చుక్కలు, చుట్లు వేయనివ్వండి. లక్ష్మీపాదం వేయబోయి కాకిపాదం వేసినా సరిచేయకండి. తడి ఆరి తెల్లగా తేలే దాకా చెరపకుండా ఉంచితే, సాయంత్రం వాళ్ళ అమ్మ రాగానే చెయ్యి పట్టుకుని తీసుకువచ్చి ఏది సున్నో ఏది ఠ యో వాడే చెబుతాడు.